పది సెకన్ల తీర్మానం

మా ఆయన పాస్టరు. నేను పాస్టరమ్మని. పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు కోపం రాని రోజు లేదు, వచ్చిన కోపం గంటకు మించి నిలిచిన రోజూ లేదు. చర్చి ఆఫీసు గదిలో కూర్చున్న కంప్యూటరు మీద వచ్చిన కోపం మాత్రం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

అందులో బైబిలు చదువుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. పదకొండేళ్ళ కిందట సంఘం వాళ్ళే ముచ్చటపడి పెట్టించారు. ఏదైనా ఒక మాట కొడితే అది బైబిల్లో ఎక్కడెక్కడ ఉందో, పెద్దలు రాసిన వ్యాఖ్యానాల్లో ఎక్కడెక్కడ ఉందో వెతికి చూపించాలి. కొత్తలో కన్ను మూసి తెరిచేలోగా చూపించేది. తర్వాత నిమిషం పట్టింది, ఆ తర్వాత అయిదు నిమిషాలు. ఈ మధ్యనైతే పొద్దున మాట కొట్టి, వంట చేసి, బట్టలు ఉతికి ఆరేసి వచ్చి చూసినా తెర మీద "వెతుకుతోంది" అనే ఉండేది. పిల్లను వెతికి పెళ్ళి చేసి పంపేయొచ్చు, అంతసేపు వెతికేది.

మొన్నామధ్య ఒక ఆదివారం కొంప మునిగింది. ఆదివారాలు కంప్యూటరును చక్రాల బల్ల మీద పెట్టి హాల్లోకి తోసుకొస్తాం. ప్రసంగ వేదిక పక్కన అది, దాని ముందు నేను. ప్రసంగం మధ్యలో మా ఆయనకు ఒక వాక్యం కావలసి వచ్చింది. ఆయన మాట చెప్పారు, నేను కొట్టాను. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఈలోగా సంఘం అయిదు పాటలు పాడేసింది. డ్రైవింగు స్కూలాయన ఇంటికి వెళ్ళి, మరిచిపోయి వచ్చిన పొయ్యి ఆర్పేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. చివరికి వాక్యం దొరికింది గానీ దాన్ని ఎందుకు అడిగారో మా ఆయనకు గుర్తు రాలేదు. ఇలాంటి దిక్కుమాలిన యంత్రంతో ఎవరికైనా తోవ తప్పుతుందని అందరూ కంప్యూటరును తిట్టారు. అందరికంటే గట్టిగా నేను తిట్టాను.

ఎందుకంత గట్టిగా తిట్టానో చెప్పాలి. మా ఆయనకు మరుపు వచ్చింది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అన్న మరుపు కాదు, అది నాకూ ఉంది. ఏ వాక్యం ఏ పేజీలో ఏ మూల ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పిన మనిషి, ఇప్పుడు సగం వాక్యం చెప్పి మిగతా సగం కోసం గోడకేసి చూస్తారు. రెండేళ్ళు దాటింది. ఆయన నా దగ్గర దాస్తున్నారు. దాచుకుంటే దాచుకోనీ పాపం అని, నాకు తెలిసిన సంగతి నేనూ ఆయన దగ్గర దాచాను. చెవినొప్పి వంకతో డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి అడిగితే, రోజూ చేసే పని మాత్రం ఆయన చేత మాన్పించకండి, పని ఆగిన రోజు మనిషి కూడా ఆగిపోతాడు అంది. అప్పటినుంచి నాకు ఒకటే ధ్యాస, ఆయన్ని ఆ వేదిక దిగనివ్వకూడదని. నిజం చెప్పాలంటే కంప్యూటరు నెమ్మదిగా ఉండటం నాకు మేలే చేసింది, తప్పంతా దాని నెత్తిన పోయేది.

ఆ ఆదివారం మధ్యాహ్నమే కమిటీ కూర్చుంది. మా సంఘ కార్యదర్శి రిటైరైన స్టేషను మాస్టరు. ఆయన ఇంట్లో కూర కూడా టైముకే ఉడకాలి. మినిట్సు పుస్తకం తెరిచి, తీర్మానం రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించాడు. వచ్చే ఆదివారంలోగా సదరు కంప్యూటరులో ఏ మాట వెతికినా పది సెకన్లలో కనబడవలెను, కనబడని పక్షమున పాస్టరుగారికి విశ్రాంతి ఇచ్చి, ఫోనులోనే వాక్యము వెతుక్కోగల వేరొకరిని నియమించవలెను అని అందులో ఉంది. కంప్యూటరు కుంటితే పాస్టరుకు విశ్రాంతి ఏమిటి? ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు. నేను వెళ్ళి నాలుగు దులుపుదామని చెప్పులు వేసుకున్నాను గానీ మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన ముఖం చూసి చెప్పులు విడిచేశాను.

సోమవారం కంప్యూటరు మెకానిక్కును పిలిపించాను. మనిషి భారీగా ఉంటాడు, మాట మాత్రం మెత్తన. మొదట వెనక మూత విప్పి దుమ్ము ఊదాడు. తర్వాత సాఫ్ట్‌వేర్ తెరిచి చాలాసేపు చూశాడు. చూసి చూసి కుర్చీ వెనక్కి జరుపుకుని, పెట్టెలో ఏ లోపమూ లేదన్నాడు.

"మరి ఈ నత్తనడక ఏమిటయ్యా?"

"నాలుగు వందల పన్నెండు వెతుకులాటలు తెరిచి ఉన్నాయమ్మగారూ. ఎవరూ ఒక్కటీ మూయలేదు. ఆన్ చెయ్యగానే అన్నీ మళ్ళీ మొదటినుంచి వెతకడం మొదలెడతాయి. అన్ని పనులు నెత్తిన పడితే పాపం అదేం చేస్తుంది?"

మూయలేదు నిజమే. ఎందుకు మూయలేదో ఆ మనిషికి చెప్పడానికి నాకు సిగ్గేసింది. సాఫ్ట్‌వేర్ వచ్చిన కొత్తలో ఒకావిడ, అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చెయ్యడం లేదు, దీనికి బైబిలు ఏమంటుందయ్యగారూ అని అడిగింది. మా ఆయన ఆవిడ చెప్పింది చెప్పినట్టు, గోడు మొత్తం ఆ వెతికే గడిలో కొట్టేశారు. అంత పొడుగు మాట ఎక్కడ దొరుకుతుంది? తెర మీద "వెతుకుతోంది" అని అలాగే ఉండిపోయింది. ఆవిడ చేతులు జోడించి, వెతకనివ్వండి, ఆపకండి అని ఇంటికి పోయింది. నాలుగో రోజున అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు. ఇంకేముంది! మర్నాటికల్లా ఆఫీసు ముందు క్యూ. కడుపునొప్పి, కోడలి పొగరు, స్కూటరు స్టార్టు కాకపోవడం, అన్నీ ఆ గడిలోకే. నేను టైపు కొట్టి, నోటు పుస్తకంలో పేరు, తేదీ రాసుకునేదాన్ని. పైవాడు వెతుకుతుంటే మధ్యలో ఆపేస్తారా అని ఎవరిదీ మూయనిచ్చేవాళ్ళు కాదు. ఎవరిది వాళ్ళు చెప్తే తప్ప మూయనని మా ఆయన కూడా వేదిక మీదనుంచి మాటిచ్చేశారు.

మెకానిక్కు ఒక్క మీట నొక్కితే అన్నీ పోతాయన్నాడు. నేను మా ఆయన్ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. వేదిక పోయినా సరే, ఇచ్చిన మాట ఇచ్చిందేనట. ఏ వాక్యమూ గుర్తుండదు గానీ ఇది మాత్రం ఎంత బాగా గుర్తుందో! తల బాదుకుని, నోటు పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరాను. పుస్తకంలో నాలుగు వందల పదకొండు పేర్లే ఉన్నాయి. ఒకటి ఎక్కడో రాయడం మరిచి ఉంటానని అప్పటికి వదిలేశాను.

ఆ వారం నేను తిరిగిన తిరుగుడు పోస్టుమాను కూడా తిరగడు. సగం మందికి తామేం అడిగారో గుర్తే లేదు. బస్సు కండక్టరు, అడిగిందేమిటో చెప్తేగానీ ఒప్పుకోనన్నాడు. చెప్పాను. ఎనిమిదేళ్ళ కిందట ఆయనకు ఒక ప్రయాణంలో కిటికీ పక్క సీటు కావాలట. సీటు దొరికిందా అంటే, ఆ ప్రయాణమే రద్దయిందన్నాడు. అయినా ఉండనివ్వండి, ఎప్పుడైనా పనికొస్తుంది అని బేరం పెట్టాడు. నేను పుస్తకం మూసి నడుం మీద చెయ్యి పెట్టుకునేసరికి సరే మూసేయండి అన్నాడు.

దర్జీది ఇంకో గొడవ. ఎదురు కొట్టు మూతపడాలని ఆరేళ్ళ కిందట కొట్టించాడు. చదివి వినిపించబోతే నా నోటికి టేపు అడ్డం పెట్టినంత పనిచేశాడు. ఆ ఎదురు కొట్టాయనే ఇప్పుడు ఈయన వియ్యంకుడట. "ఇప్పుడే మూసేయండమ్మా, మా వియ్యపురాలి చెవిన పడితే నా కూతురి కాపురం ఏమవుతుంది?" అని చెమటలు కక్కాడు. నేను వెళ్ళబోతుంటే ఆపి, నా జాకెట్టు చేతులు వదులయ్యాయని ఉచితంగా బిగించి ఇచ్చాడు.

ఒకే ఇంట్లో తోడికోడళ్ళు ఇద్దరున్నారు. పెద్దావిడ, చిన్నదాని బుద్ధి మారాలని పెట్టించుకుంది. చిన్నావిడ, పెద్దదాని బుద్ధి మారాలని పెట్టించుకుంది. ఆవిడది మూస్తేనే నాది మూస్తానని ఇద్దరూ భీష్మించుకు కూర్చున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి ఇద్దర్నీ ఆఫీసు గదికి లాక్కొచ్చాను. ఒకే మౌసు మీద ఇద్దరి చేతులూ పెట్టించి, తెర మీది రెండు వెతుకులాటల కిటికీలూ ఒక్కసారే మూసే మీట మెకానిక్కుతో చూపించి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టాను. మూడు అన్నాక కూడా ఇద్దరూ నొక్కలేదు, ఎదుటావిడ నొక్కుతుందేమోనని. నేనే ఆ రెండు చేతుల మీద ఒక్కటి చరిచాను.

చనిపోయినవాళ్ళవి పందొమ్మిది ఉన్నాయి. ఒకాయనకు మోకాలి నొప్పి తగ్గాలి. ఆయన భార్యను అడిగితే, పోయిన మనిషికి ఇంకా మోకాలేమిటి, మూసెయ్ అంది. నేను గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, మూసేముందు ఎంతవరకు వెతికిందో చూసి చెప్తావా అని అడిగింది. డెబ్భై ఒక్క శాతం అని మర్నాడు వెళ్ళి చెప్పాను. పర్వాలేదు, బాగానే వెతికింది అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని బయల్దేరినదాన్ని, ఆ తర్వాత ఎవర్నీ చూసి నవ్వలేదు.

శుక్రవారం సాయంత్రానికి స్టేషను మాస్టరు ఒక్కడే మిగిలాడు. నాలుగేళ్ళ కిందట, తనకు సంఘ కార్యదర్శి పదవి రావాలని పెట్టించుకున్నాడు. వచ్చింది కదా, ఇక మూసేద్దామా అన్నాను. గోడ గడియారం చూశాడు, చేతి గడియారం చూశాడు, వచ్చే ఏడు మళ్ళీ ఎన్నికలున్నాయమ్మగారూ అని నసిగాడు. పది సెకన్లు అని తీర్మానం రాసిన ఆయన చెయ్యి వైపే చూస్తూ నిలబడ్డాను. తల వంచుకుని, మూసేయండి అన్నాడు.

శనివారం పొద్దున అన్నీ మూసి, ఒక మాట కొట్టి చూశాం. నలభై ఎనిమిది సెకన్లు. మెకానిక్కు ఏదో గొణుక్కుంటూ వెతికి, ఇంకొకటి తెరిచే ఉందమ్మగారూ, నాలుగు వందల పన్నెండోది, మొత్తం బలమంతా ఇదే లాగేస్తోంది అన్నాడు. రెండేళ్ళ కిందటి తేదీ ఉంది. టైపు కొట్టింది నేను కాదు, ఒంటి వేలితో కొట్టినట్టు మాటల మధ్య ఎడాపెడా ఖాళీలున్నాయి. తెర నావైపు తిప్పాడు.

"నేను మరిచిపోతున్న సంగతి ఆమెకు తెలియకుండా ఉండాలి."

మెకానిక్కు కూడా చదివాడు. మంచివాడు, చదవనట్టే సంచిలో స్క్రూడ్రైవరు వెతుక్కున్నాడు. ఇది ఎందుకింత బరువో తల ఎత్తకుండానే చెప్పాడు. 'నేను', 'ఆమె' లాంటి మాటలు ప్రతి పేజీలోనూ ఉంటాయట, అన్ని వ్యాఖ్యానాల్లోనూ వాటినన్నిటినీ పట్టుకుని వేలాడుతోందట. ఇది మూసేస్తే రెండు మూడు సెకన్లలో వచ్చేస్తుందట. మూయకపోతే నలభై ఎనిమిదే. అని, టీ తాగొస్తానని బయటకు వెళ్ళిపోయాడు.

నేను ఆ కుర్చీలోనే కూలబడ్డాను. అడక్కుండా మూసేస్తే ఆయన మాట తప్పించినదాన్నవుతాను. అడిగితే, తెలిసిపోయిందని తెలిసిపోతుంది. మూయకపోతే రేపు వేదిక పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చచ్చి ఏ లోకానున్నాడో గానీ ఈ సాఫ్ట్‌వేర్ కనిపెట్టినవాణ్ణి, బతికే ఉంటే బతికుండగానే, నోరారా తిట్టుకున్నాను. తిట్టుకుని లేచి, చర్చి వెనకే ఉన్న మా రెండు గదుల ఇంట్లోకి వెళ్ళాను.

మా ఆయన మెట్టు మీద కూర్చుని మర్నాటికి బూట్లు పాలిష్ చేసుకుంటున్నారు. ఎడమ కాలిదే రెండోసారి చేస్తున్నారు, కుడిదాని మీద దుమ్ము అలాగే ఉంది. నేను పక్కన కూర్చున్నాను. కుడి బూటు తీసి చేతికందించాను.

"ఒకటి మిగిలిపోయిందండీ. ఎవరిదో అడగాలి కదా."

"ఎవరిదట?"

"పేరు లేదు."

ఆయన బ్రష్షు ఆగింది. పక్కింటి పంపు కింద బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ వచ్చి కట్టేయలేదు.

"చదివావా?"

"చదివాను."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మీరది కొట్టకముందే తెలుసు."

ఆయన బూటును ఒళ్ళో పెట్టుకుని నా ముఖంలోకి చూశారు.

"అంటే రెండేళ్ళుగా అది ఊరికే వెతుకుతోందా?"

"ఊరికే."

మా ఆయన నవ్వారు. ముందు ముక్కుతో, తర్వాత భుజాలతో, ఆ తర్వాత కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. నేను మాత్రం నవ్వలేదు, భోరుమని ఏడ్చాను. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒకే సంగతిని చెరోవైపునుంచి దాచుకున్నాం కదా అని ఏడ్చాను. ఆయన పాలిష్ చేతులతోనే నా బుగ్గలు తుడిచారు. లేచి వెళ్ళి ఆఫీసు గదిలో ఆ కిటికీని ఆయనే తన వేలితో మూశారు. టీ తాగి వచ్చిన మెకానిక్కు, నా ముఖం మీది నల్లటి చారలు చూసి కంప్యూటరులోంచి పొగ వచ్చిందేమోనని కంగారుపడ్డాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. స్టేషను మాస్టరు చేతిలో స్టాప్‌వాచి పట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాడు. ముందే అనుకుని పెట్టుకున్న మాటని ఎవరూ అనుకోకూడదని చాలా ఆలోచించి, "గాడిద" అన్నాడు. నేను కొట్టాను. మూడు సెకన్లలో గాడిదలన్నీ వరసగా వచ్చి తెర మీద నిలబడ్డాయి. సంఘం చప్పట్లు కొట్టింది. స్టేషను మాస్టరు మినిట్సు పుస్తకంలో మూడు సెకన్లు అని రాసి, సమయం వేసి, సంతకం పెట్టాడు.

ప్రసంగం మొదలైంది. పావుగంట చక్కగా సాగింది. తర్వాత ఒక వాక్యం మధ్యలో మా ఆయన ఆగిపోయారు. తిట్టడానికి ఇప్పుడు కంప్యూటరు కూడా లేదు, అది మూడు సెకన్లలో ఏదంటే అది తెచ్చి ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. దేన్ని తెమ్మనాలో చెప్పాల్సిన మనిషే ఆగిపోయారు. అప్పుడు ఆయన గోడకేసి చూడలేదు. మైకు ముందుకు వంగి నాకేసి చూశారు.

"ఏమోయ్, నేనేం చెప్తున్నాను?"

మైకులో. అందరి ముందూ. నేను లేచి నిలబడి, తప్పిపోయిన కొడుకుని తండ్రి దూరంనుంచే చూశాడు అన్నదాకా చెప్పారండీ అన్నాను. ఆ, అదీ అని ఆయన అక్కడినుంచి అందుకున్నారు. అలా ఇంకో మూడుసార్లు అడిగారు. రెండోసారి నేను చెప్పాను. మూడోసారి నేను లేచేలోగా దర్జీ చెప్పాడు. నాలుగోసారి తోడికోడళ్ళిద్దరూ ఒక్కసారే చెప్పి, ఎవరు ముందు చెప్పారని ఒకరినొకరు చూసుకున్నారు.

ఆరాధన అయ్యాక స్టేషను మాస్టరు నా దగ్గరకు వచ్చాడు. చంకలో మినిట్సు పుస్తకం ఉంది. ఈ మనిషి ఒక్క గీత గీస్తే చాలు, వారం తిరిగిందంతా బూడిదలో పోసిన పన్నీరే. నేను గొంతు సవరించుకుని పోట్లాటకు సిద్ధపడ్డాను.

"ఎన్నాళ్ళనుంచి అమ్మగారూ?" అన్నాడు మెల్లగా.

"రెండేళ్ళు దాటింది."

ఆయన పుస్తకం తెరిచాడు. తీర్మానం ఉన్న పేజీ తీసి, వేలు పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా నిదానంగా చదివాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి ఒక పనికి అంత సమయం తీసుకోవడం చూశాను. చదివి పుస్తకం మూశాడు.

"పది సెకన్లని కంప్యూటరుకే రాశామమ్మా. అయ్యగారికి రాయలేదు."